సకినాల మూకుడు అంటుకున్న రోజు

నిరుడు సంక్రాంతికి మూడు రోజుల ముందు మా వంటింట్లో మంట లేచింది. పేపర్లో పడేంత ప్రమాదమేమీ కాదు. నా ఎడమ మణికట్టు మీద ఒక మచ్చ మిగిలింది. వంటింటి సీలింగ్ మీద నల్లటి గుండ్రం పడితే దానికి రంగు వేయించాం. మంట వ్యవహారం రెండు నిమిషాల్లో అయిపోయింది కానీ, ఆ తర్వాత వంటిల్లు సర్దుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఇది ఎక్కువగా ఆ రెండు నెలల కథే.

మాది హైదరాబాద్ విద్యానగర్‌లో మూడో అంతస్తు ఫ్లాట్. పండక్కి జగిత్యాల నుంచి అత్తమ్మ వచ్చింది. నానబెట్టి గిర్నీలో పట్టించిన బియ్యప్పిండి, నువ్వులు, వాము అన్నీ అక్కడి నుంచే మోసుకొచ్చింది. హాల్లో పాత ధోతి పరిచి సకినాలు చుడుతోంది. ఆమె వేళ్ల మధ్య నుంచి పిండి సన్నటి తాడులా మెలి తిరుగుతూ దిగుతుంటే పని మానేసి చూడబుద్ధవుతుంది. నాకు ఆ చేయి రాదు. అందుకే చుట్టడం ఆమెది, కాల్చడం నాది. మా దగ్గర అప్పాలు వేయించడాన్ని కాల్చడం అనే అంటారు.

ముందు రోజు గరిజెలు చేసిన నూనె మూకుట్లో అలాగే ఉంది. అడుగున పిండి మాడి నల్లగా పేరుకుంది. "పారబొయ్యి బిడ్డా, నల్లగయింది" అని అత్తమ్మ పొద్దున్నే చెప్పింది. కిలో పల్లీ నూనె ధర గుర్తొచ్చి నాకు మనసొప్పలేదు. వడగట్టను కూడా లేదు, దాని మీదే కొత్త నూనె పోశాను. ఒకసారి కాగిన నూనె కొత్త నూనె కంటే తొందరగా పొగలోకి వస్తుందని నాకు అప్పుడు తెలియదు.

నాలుగో వాయి తీసేశాక ఫోన్ మోగింది. పార్సిల్ అబ్బాయి శివం రోడ్డు మీద నిలబడి మా గల్లీ దొరకట్లేదంటున్నాడు. వంటింట్లో సిగ్నల్ సరిగా రాదు. బాల్కనీలోకి వెళ్లి కుడి పక్క తిరుగు, మెడికల్ షాపు దాటు అంటూ చెప్పుకొచ్చాను. మూడు నిమిషాలు కూడా పట్టి ఉండదు. ఆ మూడు నిమిషాలూ మూకుట్లో సకినాలు లేవు, పొయ్యి మాత్రం హైలో ఉంది. నూనెలో ఏదైనా వేగుతున్నంతసేపు అందులోని తడి ఆవిరవుతూ వేడిని కొంత లాక్కుంటుంది. ఖాళీ నూనెను ఆపేది ఏదీ ఉండదు. రిఫైండ్ పల్లీ నూనె అయితే సుమారు 230 డిగ్రీల దగ్గర పొగ మొదలవుతుంది. ఆ పొగ వచ్చినప్పుడు దగ్గర మనిషి ఉంటే పొయ్యి ఆపేస్తే సరిపోతుంది. నేను బాల్కనీలో ఉన్నాను.

తిరిగి వచ్చేసరికి మూకుడు నిండా మంట. ఎత్తుగా, పసుపుపచ్చగా, శబ్దం లేకుండా. ఆ శబ్దం లేకపోవడమే నాకు ఇప్పటికీ కలలో వస్తుంది.

నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది. పక్కనున్న మసిగుడ్డ తీసుకుని మూకుడు చెవులు పట్టుకుని సింక్‌లో పెడదామని ఎత్తాను. నాబ్ తిప్పాలని తోచనే లేదు. ఎత్తిన క్షణం నూనె ఊగింది, ఎడమ మణికట్టు మీద పడింది, మసిగుడ్డ అంచు అంటుకుంది. మూకుడు మళ్లీ పొయ్యి మీదే పడేశాను. అదృష్టం, బోర్లపడలేదు. మా ఆయన పరుగెత్తుకొచ్చి సింక్ దగ్గరున్న బకెట్లో మగ్గు ముంచాడు.

"నీళ్లు పొయ్యకుర!" అని హాల్లోంచి అత్తమ్మ అరిచిన అరుపుకు పక్క ఫ్లాట్ వాళ్లు కూడా వచ్చేశారు. పిండి కలుపుకున్న పెద్ద తాంబాళం ఆమె చేతిలో ఉంది. అందులోని పిండి ముద్దను అక్కడే బండల మీద గుమ్మరించి, తాంబాళాన్ని ముఖానికి అడ్డం పెట్టుకున్నట్టు పట్టుకుని వచ్చి, తన వైపు అంచు నుంచి మెల్లగా మూకుడు మీదికి జరిపింది. మంట అంచుల వెంట రెండు నాలుకలు చాచి ఆరిపోయింది. "ఇప్పుడు పొయ్యి బంద్ చెయ్యి" అంది. అప్పుడు గాని ఎవరికీ నాబ్ గుర్తు రాలేదు.

మా బాబు ఇంటర్ చదువుతున్నాడు. సిలిండర్ దగ్గర కూడా కట్టేద్దామని ప్లాట్‌ఫాం కింద అర తలుపు తీశాడు. ముందు ఉల్లిగడ్డల బుట్ట, దాని వెనక బియ్యం డ్రమ్ము, పక్కన మాపు కర్ర. అవన్నీ బయటికి లాగితే గాని రెగ్యులేటర్ అందలేదు. ఆ బుట్ట అక్కడ పెట్టింది నేనే. కింద ఖాళీ ఉంది కదా అని.

మా ఆయన రెండుసార్లు తాంబాళం ఎత్తి చూడబోయాడు. అత్తమ్మ చేయి మీద కొట్టింది. లోపల నూనె అదే వేడి మీద ఉంటుంది, గాలి తగిలితే మళ్లీ అంటుకుంటుంది. గంట సేపు ఎవరినీ ముట్టనివ్వలేదు. ఊళ్లో పెళ్లిళ్లకు అప్పాలు కాల్చిన మనిషి, ఆమెకు ఇది మొదటిసారి కాదు.

అయితే అదే అత్తమ్మ నా చేయి చూడగానే పసుపు డబ్బా అందుకుంది. పక్క ఫ్లాట్ అక్క టూత్‌పేస్ట్ తెచ్చింది. ఎవరో ఇంకు అన్నారు, ఎవరో ఆలుగడ్డ తురిమి పెట్టమన్నారు. మా బాబు మాత్రం నా మోచేయి పట్టుకుని లాక్కెళ్లి బాత్రూం నల్లా కింద పెట్టాడు. కాలేజీలో ఫస్ట్ ఎయిడ్ క్లాసు జరిగిందట, ఆ క్లాసులో వాడికి గుర్తున్నది ఇదొక్కటే. "ఇరవై నిమిషాలు మమ్మీ" అని ఫోన్లో టైమర్ పెట్టాడు.

ఇరవై నిమిషాలు ఎంత పొడుగో నల్లా కింద చేయి పెట్టుకుంటే గాని తెలియదు. నాలుగో నిమిషానికే తగ్గిపోయిందనిపించింది, చేయి తీశాను. తీసిన మరుక్షణం నిప్పు పెట్టినట్టయింది, మళ్లీ పెట్టాను. చర్మం పైన చల్లబడినా లోపలి పొరల్లో వేడి ఇంకా ఉంటుందని, అది కూడా దిగాలంటే అంతసేపు కావాలని తర్వాత డాక్టర్ చెప్పింది. ఐస్ పెట్టకూడదట. అప్పటికే దెబ్బతిన్న చర్మానికి రక్తం అందకుండా చేస్తుంది. నల్లా నీళ్లే మందు.

అసలు కష్టం గాజులతో వచ్చింది. పండగ కదా, అరడజను మట్టి గాజులు, ఒక బంగారు గాజు. చూస్తుండగానే మణికట్టు వాస్తోంది. నీళ్ల కింద చేయి తీయకుండానే సబ్బు రాసి పక్కింటి అక్క ఒక్కొక్కటీ జార్చింది. రెండు మట్టి గాజులు పగలగొట్టాల్సి వచ్చింది. ఇంకో పది నిమిషాలు ఆగి ఉంటే బంగారు గాజును కోయించేవాళ్లమే. పదమూడో నిమిషంలో నల్లా ధార సన్నబడింది. మాకు మంచినీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, ట్యాంకు అడుగంటింది. బాబు వాచ్‌మన్‌కు ఫోన్ చేసి బోరు మోటార్ వేయించాడు. ఇంత టెన్షన్‌లోనూ కింది ఫ్లాట్ ఆయన మోటార్ ఎవరు వేశారని అరవడం వినిపించింది.

తర్వాత శుభ్రమైన కాటన్ చున్నీ వదులుగా కప్పుకుని ఆస్పత్రికి వెళ్లాం. మణికట్టు మీద బొబ్బ నీళ్ల బుడగలా లేచింది. చిదమవద్దంది డాక్టర్. టెటనస్ ఇంజక్షన్ ఇచ్చి, గాయానికి అంటుకోని పలచటి గాజ్ గుడ్డ వేసి కట్టు కట్టింది. లెక్క కూడా చెప్పింది. వేళ్లతో కలిపి మన అరచేయి మన ఒంటి చర్మంలో సుమారు ఒక శాతం. నాకు కాలింది అర శాతం కూడా ఉండదు. కానీ ముఖం, చేతులు, పాదాలు, కీళ్లు, మర్మస్థానాల మీద కాలితే ఎంత చిన్నదైనా డాక్టర్ చూడాల్సిందే. పక్కనున్న నర్సు ఇంతకుముందు కాలిన గాయాల వార్డులో చేసిందట. "టూత్‌పేస్ట్ రాసుకుని వస్తారమ్మా. గాయం ఎంత లోతో కనబడదు. అది కడిగి తీసేటప్పుడు చూడాలి వాళ్ల బాధ" అంది. మండే నూనె మీద నీళ్లు పోసిన వాళ్ల సంగతి అడిగాను. వాళ్లకు చెయ్యి కాదు, ముఖం, గొంతు, ఛాతీ అంది.

ఆ రాత్రి బాబు మాకందరికీ పాఠం చెప్పాడు. నీళ్లు నూనె కంటే బరువు, అడుగుకు పోతాయి. అక్కడ వంద డిగ్రీలకు ఎంతో పైన ఉన్న వేడి. ఒక్కసారిగా ఆవిరై సుమారు పదిహేడు వందల రెట్లు ఉబ్బుతాయి. పైనున్న మండే నూనెనంతా ఎగజిమ్ముతాయి. మా ఆయన ఆ మగ్గు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

చేయి మానడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ నేను వంట చేయలేదు. వంటింట్లో కుర్చీ వేసుకుని మిగతావాళ్లు చేస్తుంటే చూశాను. పద్దెనిమిదేళ్లుగా చేస్తున్న వంటను మొదటిసారి బయటి నుంచి చూడటం అది. ఎంత పిచ్చి ఏర్పాటు! ఉప్పు, కారం, పోపుల డబ్బా అన్నీ పొయ్యికి సరిగ్గా పైన అరలో. వాటి కోసం ప్రతిసారీ మండే బర్నర్ మీదుగా చేయి చాచాలి. ఆ చాచే చేతికి నైటీ వేలాడే చేయి. మిక్సీ వైరు బర్నర్ పక్క నుంచి. గోడకు క్యాలెండర్, ఫ్యాన్ వేస్తే పేజీలు పొయ్యి వైపు ఎగురుతాయి. మసిగుడ్డ ఎప్పుడూ పొయ్యి అంచు మీదే. పైగా తడిది. తడి గుడ్డతో వేడి గిన్నె పట్టుకుంటే చేయి తొందరగా కాలుతుంది, నీళ్లు వేడిని నేరుగా చర్మానికి చేరవేస్తాయి. ఇన్నేళ్లూ నేను కావాలనే తడిపి పట్టుకునేదాన్ని.

చూడగా చూడగా నాకొకటి అర్థమైంది. ఆ రోజు నా బుర్ర పనిచేయలేదు, చేయి పనిచేసింది. చేతికి ఏది దగ్గరగా ఉంటే అది అందుకుంది. మసిగుడ్డ దగ్గరగా ఉంది, అందుకుంది. మా ఆయనకు బకెట్ దగ్గరగా ఉంది. అత్తమ్మ చేతిలో తాంబాళం ఉంది. కాబట్టి మనుషులను మార్చడం కంటే వస్తువుల చోట్లు మార్చడం తేలిక అనుకున్నాం.

పొయ్యి పై అర మొత్తం ఖాళీ చేశాం. డబ్బాలన్నీ పక్క గోడకు. క్యాలెండర్ హాల్లోకి. పట్టకారు ఒకటి కాదు, రెండు కొన్నాం, ఒకటి ఎప్పుడూ కనబడదు కనుక. మూకుడుకు సరిపోయే తాంబాళాన్ని కొలిచి చూసి, పొయ్యికి కుడి పక్కన, మంట మీదుగా చేయి చాచకుండా అందేలా, మేకుకు వేలాడదీశాం. దానికి వేరే పని లేదు. సింథటిక్ నైటీలు వంటింట్లోకి రానివ్వట్లేదు. అవి అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటాయి. కాటన్ కూడా మండుతుంది కానీ అతుక్కోదు. చేతులు పొట్టిగా ఉన్నవి కుట్టించుకున్నాను.

తర్వాత గ్యాస్ పని. ఏజెన్సీకి ఫోన్ చేసి చెకింగ్ కావాలని అడిగితే వారం తర్వాత మెకానిక్ వచ్చాడు. ఐదేళ్లకోసారి చేయించాలట, మేం ఇంట్లోకి వచ్చాక ఒక్కసారీ చేయించలేదు. అతను చేసిన మొదటి పని, నారింజ రంగు సురక్ష ట్యూబును బయటికి లాగి దాని మీద అచ్చయిన సంవత్సరం నాకు చూపించడం. 2015. "ఐదేళ్లమ్మా దీని ఆయుష్షు" అన్నాడు. ఆ ట్యూబు అర వెనక చెక్కకు ఒరుసుకుని ఒకచోట తీగ బయటపడింది. మగ్గులో సబ్బు నురగ చేసి పొయ్యి దగ్గర ట్యూబు మూతికి పూశాడు. ఆవగింజంత బుడగ లేచింది, పగిలింది, ఇంకోటి లేచింది. ముగ్గురం వంగి ఆ బుడగనే చూశాం. ఇంత లీకుకు వాసన రాలేదా అంటే, "వస్తది, మీరు అలవాటు పడ్డరు" అన్నాడు. గ్యాస్‌కు సొంత వాసన ఉండదు. మనకు తెలియాలని మెర్కాప్టాన్ అనే కంపు రసాయనం కలుపుతారు. దానికి కూడా ముక్కు అలవాటు పడుతుందంటే ఏం చెప్పాలి.

అర తలుపులకు కింది వైపు వరసగా చిల్లులు పొడిపించమన్నాడు. ఎల్‌పీజీ గాలి కంటే బరువు. కారితే పైకి పోదు, నేల మీద చాప పరిచినట్టు పరుచుకుంటుంది. అందుకే వెంటిలేటర్ పైన ఉందిలే అనుకోకూడదు. ఇది చెబుతూ తల తిప్పి, "అమ్మా, దీపం ఇక్కడ పెడుతున్నరా?" అన్నాడు. మా దేవుడి పీట వంటింట్లో ఈశాన్య మూల, నేల మీదే. సిలిండర్ అరకు రెండడుగులు. పొద్దున ఐదున్నరకు, రాత్రంతా మూసి ఉన్న వంటింట్లో, మొదట వెలిగేది ఆ దీపమే.

దేవుణ్ని కదిలించడం గురించి అత్తమ్మతో మాట్లాడటానికి నాకు రెండు రోజులు ధైర్యం చాలలేదు. చివరికి ఆమే అంది, "బుడగ నేను చూడలేదా?" అని. హాల్లో తూర్పు గోడకు అర కొట్టించాం. మంచి రోజు మాత్రం ఆమే చూసింది.

మెకానిక్ ఇంకొన్ని చెప్పాడు. సిలిండర్ తీసుకునేటప్పుడు పట్టుకునే రింగు కింద ఉండే పట్టీల లోపలి వైపు ఒక అక్షరం, రెండంకెలు ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ అంటే జూన్ దాకా, సీ సెప్టెంబర్, డీ డిసెంబర్. పక్కన సంవత్సరం. ఆ తేదీలోపు సిలిండర్‌ను మళ్లీ పరీక్షకు పంపాలి, దాటిపోయినది తీసుకోకూడదు. సీలు తీశాక మూతి లోపల నాలుగు నీటి చుక్కలు వేస్తే వాల్వ్ నుంచి గ్యాస్ కారుతోందో లేదో బుడగలను బట్టి తెలుస్తుంది. మా డెలివరీ అబ్బాయికి ఇప్పుడు నేనంటే విసుగు. పడనీ. దారానికి వేలాడే ప్లాస్టిక్ మూతను మేం ప్రతిసారీ కోసి పారేసేవాళ్లం. గ్యాస్ వాసన వచ్చిన రోజు రెగ్యులేటర్ తీసి మూతికి బిగించాల్సింది దాన్నేనట. ఆ రోజు లైటు గానీ ఎగ్జాస్ట్ ఫ్యాన్ గానీ వేయకూడదు, వేసి ఉంటే ఆపనూ కూడదు, స్విచ్‌లో పుట్టే నిప్పురవ్వ చాలు. కిటికీలు తెరిచి, బయటికొచ్చాక ఫోన్ చేయాలి. లీకుకు 1906, మంటకు 101. రెండూ మార్కర్‌తో మెయిన్ డోర్ వెనక రాశాను. ఇంట్లో ఫోన్లు నాలుగున్నా ఆ సమయానికి నంబర్ వెతికే ఓపిక ఎవరికుంటుంది?

మంటలార్పే సిలిండర్ కొందామని రాణిగంజ్ వెళ్లాం. ఎర్రటి పౌడర్ సిలిండర్ చేతిలో పెట్టి పంపించేస్తాడనుకున్నాను. షాపాయన ఎందుకు అని అడిగాడు. నూనె మంటకైతే ఇది జాగ్రత్త అన్నాడు. దగ్గర నుంచి కొడితే ఆ ధాటికి మండే నూనె చిందుతుంది. వంట నూనెలకు వేరే రకం ద్రవం ఉన్నది వస్తుంది, ఖరీదు ఎక్కువ. ఇంటికి ఫైర్ బ్లాంకెట్ చాలన్నాడు. మడత పెట్టి సంచిలో ఉంటుంది, కింది పట్టీలు లాగితే దుప్పటిలా విచ్చుకుంటుంది. అది, స్విచ్ బోర్డుల కోసం చిన్న పౌడర్ సిలిండర్ ఒకటి కొన్నాం. నలుగురం రెండు సినిమాలకు వెళ్తే అయ్యేంత ఖర్చు. రెండూ వంటింటి గుమ్మం బయట తగిలించాం. పొయ్యి పక్కన పెడితే మంట దాటి వెళ్లి తెచ్చుకోవాలి కదా.

ఒక ఆదివారం చల్లటి మూకుడు పొయ్యి మీద పెట్టి ఒక్కొక్కరం ప్రాక్టీస్ చేశాం. నవ్వులాటే అయింది. కానీ "మంట!" అని బాబు అరవగానే మా ఆయన చేయి మళ్లీ సింక్ వైపే వెళ్లింది. ఆయనకే ఆశ్చర్యం. నాలుగోసారికి నాబ్, తాంబాళం, వెనక్కి రెండడుగులు వచ్చాయి. బకెట్‌ను మాత్రం అప్పటి నుంచి బాత్రూంలోనే ఉంచుతున్నాం.

శివరాత్రి వెళ్లాక అత్తమ్మను జేబీఎస్ బస్టాండులో జగిత్యాల బస్సు ఎక్కించాం. ఆమె ఎప్పుడూ సాయంత్రం ఆరున్నరకే ఫోన్ చేస్తుంది, సరిగ్గా నేను వంటింట్లో ఉండే వేళకు. ఇదివరకు భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని పోపు వేసేదాన్ని. ఇప్పుడు హలో అనగానే అవతలి నుంచి మొదటి మాట ఇది:

"పొయ్యి మీద ఏమున్నది?"

"ఏం లేదు అత్తమ్మా, బంద్ చేసిన."

"అయితే మాట్లాడు."